ఫోన్‌లో ఫైల్ కదలకపోతే ముందు ఆపుతున్నది ఎవరో చూడండి

ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపితే ఛార్జింగ్ ఎక్కుతుంది, ఫోల్డర్లు మాత్రం కనపడవు. బ్లూటూత్‌లో ఫొటో వెళ్తుంది, యాప్ ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైల్ వెళ్లదు. పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా పెళ్లి వీడియో ఎక్కదు. వాట్సాప్ ఫొటోలు ఫోన్‌లోనే ఉన్నాయని తెలుసు, పాత ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. వీటన్నిటినీ మనం ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్ అవ్వట్లేదు’ అని ఒకే మాటతో చెప్తాం. కానీ ఒక్కో చోట అడ్డు నిలబడేది వేరు. ఒకచోట కేబుల్, ఒకచోట మెమరీ కార్డు ఫార్మాట్, ఒకచోట ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్, ఒకచోట యాప్ చేసిన కంపెనీ, ఒకచోట మీ ఆఫీసు ఐటీ విభాగం. ఎవరు ఆపుతున్నారో తెలియకుండా కనపడిన చిట్కా అల్లా ప్రయోగిస్తే టైమ్ పోవడం సరే, ఒక్కోసారి డేటా కూడా పోతుంది. అందుకే కింది పొర నుంచి, అంటే వైరు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్దాం.

కేబుల్, దాని తర్వాత ఫోన్ అడిగే అనుమతి

మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు వైర్లుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకి. ఆకుపచ్చ, తెలుపు డేటాకి. ట్రిమ్మర్లతో, ఇయర్‌బడ్స్‌తో, చవక పవర్ బ్యాంకులతో వచ్చే కేబుళ్లలో కొన్నిటికి డేటా వైర్లే ఉండవు. ఫోన్‌లో ఛార్జింగ్ గుర్తు వచ్చి, యూఎస్‌బీ గురించి నోటిఫికేషన్ ఏదీ రాకపోతే డ్రైవర్లు, సెట్టింగులు అంటూ వెతక్కండి, ముందు కేబుల్ మార్చండి. తర్వాత కంప్యూటర్‌లో పోర్టు మార్చండి. ఫోన్ పోర్టులో చేరిన దుమ్ము, నూలు పోగులు కూడా కొన్ని పిన్నులు తగలకుండా చేస్తాయి. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి, పిన్నీసు వాడొద్దు.

కేబుల్ బాగానే ఉన్నా ఆండ్రాయిడ్ మొదట ‘ఛార్జింగ్ మాత్రమే’ అన్న స్థితిలోనే నిలబడుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచీ ఇంతే. లాక్ తీసి, నోటిఫికేషన్ తెర కిందికి లాగి, యూఎస్‌బీ అని ఉన్న వరుస నొక్కి, ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. ఫోన్ లాక్‌లో ఉండగా కలిపితే కంప్యూటర్‌లో డివైస్ పేరు కనపడినా లోపల ఖాళీగా ఉంటుంది.

దీనికి కారణం పబ్లిక్ ఛార్జింగ్ పాయింట్లు. వైరు అవతలి కొసలో ఉన్నది ఉత్త ఛార్జరా, ఛార్జర్ వేషంలో ఉన్న కంప్యూటరా అన్నది ఫోన్‌కి నమ్మకంగా తెలిసే మార్గం లేదు. 2011లో అమెరికాలో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో కొందరు సెక్యూరిటీ పరిశోధకులు ఒక ఛార్జింగ్ కియోస్క్ పెట్టి ఈ ప్రమాదాన్ని కళ్లకు కట్టారు. ఛార్జింగ్ వైరు ద్వారా ఇలా డేటా కాజేయడాన్ని జ్యూస్ జాకింగ్ అనడం అప్పటినుంచే వాడుకలోకి వచ్చింది. బస్టాండ్‌లోనో రైల్వే స్టేషన్‌లోనో ఫోన్ పెట్టినప్పుడు ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్?’ అనో ‘ట్రస్ట్ దిస్ కంప్యూటర్?’ అనో అడిగితే వెంటనే వైరు పీకేయండి. ఛార్జర్‌కి ఆ ప్రశ్నతో పని లేదు. సెట్టింగ్స్‌లో మామూలుగా కనపడని డెవలపర్ ఆప్షన్స్‌ మెనూలో ‘డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్’ మార్చి ప్రతిసారీ అడగకుండా చేసుకోవచ్చు. ఇంట్లో ఒకే కంప్యూటర్‌కి కలిపేవాళ్లకి అది పర్వాలేదు. ఊళ్లు తిరిగేవాళ్లు దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఐఫోన్‌లో ‘ట్రస్ట్’ ప్రశ్న 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. ఐఓఎస్ 11 నుంచి ట్రస్ట్ నొక్కితే సరిపోదు, పాస్‌కోడ్ కూడా కొట్టాలి. 2018 జులైలో వచ్చిన 11.4.1 ఇంకో మెట్టు పైకెళ్లింది: లాక్ పడి గంట దాటితే పోర్టులో డేటా దారే మూసుకుంటుంది. పాస్‌కోడ్‌ని యంత్రాలతో ఊహించి ఫోన్ తెరిచే పెట్టెలు అప్పటికే మార్కెట్లో ఉన్నాయి, ఇది వాటికి జవాబు. కాబట్టి ఐఫోన్‌ని కంప్యూటర్ గుర్తించకపోతే ముందు లాక్ తీసి, ఆ తర్వాత వైరు పెట్టండి. ఈ వరుస తప్పినందుకే చాలామంది ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ ప్రోగ్రామ్‌ని తీసేసి మళ్లీ ఎక్కించుకుంటూ ఉంటారు.

వేగం గురించి ఒక మాట. టైప్‌-సి ఆకారం చూసి వేగం అంచనా వేయకూడదు. ఐఫోన్ 15, 16 మామూలు మోడళ్లలో టైప్‌-సి పోర్టు ఉన్నా వేగం పాత యూఎస్‌బీ 2.0దే, సెకనుకు 480 మెగాబిట్లు. వాడుకలో అది సెకనుకు 30 నుంచి 40 ఎంబీ దగ్గర తేలుతుంది. ప్రో మోడళ్ల పోర్టు 10 గిగాబిట్లకి వెళ్తుంది గానీ పెట్టెలో వచ్చే కేబుల్ యూఎస్‌బీ 2.0దే, వేగం కావాలంటే కేబుల్ వేరే కొనాలి.

ఫోన్ పెన్‌డ్రైవ్‌లా ఎందుకు కనపడదు

పాత ఆండ్రాయిడ్ ఫోన్లు పెన్‌డ్రైవ్ లాగే డ్రైవ్ అక్షరంతో కనపడేవి. దాన్ని మాస్ స్టోరేజ్ అంటారు. ఆ పద్ధతిలో ఫోన్ తన మెమరీని మొత్తంగా కంప్యూటర్‌కి వదిలేసేది: గోదాము తాళంచెవి ఇచ్చేసి బయట నిలబడ్డట్టు. అంతసేపూ ఫోన్ ఆ మెమరీని వాడలేదు. కెమెరా ఫొటో దాచుకోలేదు, కార్డులో ఉన్న యాప్‌లు ఆగిపోయేవి. సేఫ్లీ రిమూవ్ నొక్కకుండా వైరు లాగితే ఫైల్ సిస్టమే (ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే అమరిక) చెడేది. పైగా విండోస్‌కి అర్థం కావాలి కాబట్టి ఆ భాగం ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్‌లోనే ఉండాలి. యాప్‌లకొక భాగం, ఫొటోలకొక భాగం అని మెమరీని ముందే కోసి పెట్టాలి. ఒక భాగం నిండి, రెండోది ఖాళీగా ఉన్నా ‘స్టోరేజ్ ఫుల్’ అనే వచ్చేది.

2011లో ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) వచ్చింది. మైక్రోసాఫ్ట్ మ్యూజిక్ ప్లేయర్ల కోసం తయారుచేసిన ప్రోటోకాల్ అది, అంటే రెండు పరికరాలు మాట్లాడుకునే పద్ధతి. ఫొటోలు పంపడానికి కెమెరాలు వాడే పీటీపీ అనే పద్ధతికి పొడిగింపు. ఇప్పుడు తాళంచెవి ఫోన్ దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ కౌంటర్ దగ్గర నిలబడి ఫలానా ఫైల్ ఇమ్మని అడుగుతుంది. ఇందువల్ల రెండూ ఒకేసారి పనిచేస్తాయి, లోపల ఏ ఫైల్ సిస్టమ్ ఉన్నా కంప్యూటర్‌కి అనవసరం, యాప్‌లు తమ లోపలి భాగంలో దాచుకునే డేటా కంప్యూటర్ కంట పడదు.

దీనికి మనం కట్టే మూల్యం కూడా చిన్నది కాదు. ఎంటీపీ ఒక సమయంలో ఒక పనే చేస్తుంది. ఒక కాపీ నడుస్తుండగా ఇంకో ఫోల్డర్ తెరిస్తే కిటికీ బిగుసుకుపోతుంది. ఫోన్‌లో ఉన్న వర్డ్ ఫైల్‌ని అక్కడికక్కడే తెరిచి మార్చలేరు, కంప్యూటర్‌లోకి తెచ్చి, మార్చి, తిరిగి పంపాలి. కెమెరా ఫోల్డర్‌లో వేల ఫొటోలుంటే ప్రతి దాని వివరం విడిగా అడగాలి కనక జాబితా రావడానికే నిమిషాలు పడుతుంది. విండోస్ కిటికీ పైన పచ్చ గీత మెల్లగా కదులుతుంటే ఫోన్ చెడిందనుకోకండి, ఆగండి.

ఇప్పుడే తీసిన ఫొటో, ఇప్పుడే డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కంప్యూటర్‌లో కనపడకపోవడం ఇంకో గొడవ. ఫోన్ తన మీడియా డేటాబేస్‌లో నమోదైన వాటినే చూపిస్తుంది. నమోదు కానిది డిస్క్‌లో ఉన్నా జాబితాలోకి రాదు. ఫోన్ రీస్టార్ట్ చేస్తే చాలావరకు వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం: ఎంటీపీలో ‘కట్’ చేయొద్దు. వైరు కదిలినా, కనెక్షన్ మధ్యలో తెగినా సగం రాసిన ఫైల్ ఒకవైపు, మిగిలింది ఎక్కడుందో తెలియని పరిస్థితి ఇంకోవైపు. కాపీ చేసి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు పోల్చి, ఓ పది ఫొటోలు, ఒకట్రెండు పెద్ద వీడియోలు తెరిచి చూసి, అప్పుడు ఫోన్‌లోంచి తీసేయండి. వేల ఫొటోలుంటే ఒక్క దెబ్బకి లాగకుండా నాలుగైదు వందల చొప్పున తీసుకోండి, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మాక్‌లో ఎంటీపీ సొంతంగా లేదు, ఓపెన్ఎంటీపీ లాంటి విడి యాప్ కావాలి.

ఐఫోన్‌ని విండోస్‌కి కలిపితే ఇంకా తక్కువే కనపడుతుంది. డీసీఐఎం ఫోల్డర్, అందులో ఫొటోలు, వీడియోలు. అంతే. పాటలు, పీడీఎఫ్‌లు, యాప్‌ల ఫైళ్లు రావు, ఎందుకంటే అక్కడ ప్రతి యాప్ తన గదిలో తాను ఉంటుంది, తలుపు తీయాలా వద్దా అన్నది ఆ యాప్ ఇష్టం. ఆ కాస్త ఫొటోల కాపీలో కూడా విండోస్‌లో ‘ఎ డివైస్ అటాచ్డ్ టు ద సిస్టమ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్’ అనే ఎర్రర్ వచ్చి మధ్యలో ఆగిపోవడం చాలామందికి అనుభవమే. కేబుల్‌ని అనుమానిస్తారు గానీ కారణం వేరు. ఐఫోన్ ఫొటోల్ని తక్కువ చోటు పట్టే హెచ్ఈఐసీ రూపంలో దాస్తుంది, కంప్యూటర్‌కి ఇచ్చేటప్పుడు అప్పటికప్పుడు జేపెగ్‌గా మార్చి ఇస్తుంది. ఆ మార్పిడి తడబడితే కాపీ తెగుతుంది. సెట్టింగ్స్‌లో ఫొటోస్ తెరిచి, అడుగున ‘ట్రాన్స్‌ఫర్ టు మాక్ ఆర్ పీసీ’ దగ్గర ఆటోమేటిక్ తీసేసి ‘కీప్ ఒరిజినల్స్’ పెట్టండి. ఐఓఎస్ 18 నుంచి ఫొటోస్ సెట్టింగులు యాప్స్ అనే వరుస లోపలికి వెళ్లాయి. ఇది మార్చాక వైరు తీసి మళ్లీ పెట్టండి. అలాగే ఐక్లౌడ్‌లో ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ ఆన్‌లో ఉంటే అసలు ఫొటోలు ఫోన్‌లోనే ఉండవు, చిన్న నమూనాలే ఉంటాయి. డీసీఐఎంలో ఫొటోలు తక్కువగా కనపడుతున్నాయంటే అవి పోయినట్టు కాదు, ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లోంచి దించుకోవాలి.

ఖాళీ ఉన్నా ఎక్కని ఫైల్, తెలుగు పేరున్న ఫైల్

ఫ్యాట్32లో ఒక ఫైల్ సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉన్నాయి. అందుకని 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే ఒక ఫైల్ ఉండగలదు. కార్డులో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. ఐఫోన్‌లో 4కే వీడియో సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ అవుతుంది, అంటే పది నిమిషాలు దాటగానే గీత దాటినట్టే. 30 ఫ్రేములైతే నిమిషానికి 170 ఎంబీ, ఇరవై ఐదు నిమిషాల లోపే అక్కడికి చేరుతుంది. 32 జీబీ దాకా ఉండే ఎస్డీ కార్డులు సాధారణంగా ఫ్యాట్32లో, 64 జీబీ నుంచి పైవి ఈ ఇబ్బంది లేని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి.

పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేస్తే ఈ ఇబ్బంది తీరుతుంది. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది కనక ముందు ఖాళీ చేసుకోండి. ఇంట్లో పాత టీవీ, కారు స్టీరియో ఎక్స్‌ఫ్యాట్ చదువుతాయో లేదో కూడా చూసుకోండి, చాలా కారు స్టీరియోలకి ఫ్యాట్32 తప్ప ఇంకోటి తెలియదు. విండోస్ సొంత ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌ని చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు గుర్తించవు, ఐఫోన్ అయితే అందులోకి రాయలేదు. ఫోన్ల మధ్య, కంప్యూటర్ల మధ్య తిరిగే డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాట్ సరైన ఎంపిక.

ఓటీజీలో, అంటే నేరుగా ఫోన్ పోర్టుకే, పెట్టిన పెన్‌డ్రైవ్ కనపడకపోతే, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ కనెక్షన్ అని విడి స్విచ్ ఉంటుంది. వాడకుండా 10 నిమిషాలు ఉంటే దానంతటదే ఆగిపోతుంది. ఆ పోర్టులోకి నిరంతరం కరెంటు పంపితే బ్యాటరీ తగ్గుతుంది, పోర్టులో తేమ ఉంటే పిన్నులు తుప్పు పట్టే ప్రమాదమూ ఉంది. ఉపయోగం ఉన్న ఏర్పాటే, తెలియకపోతే మాత్రం పెన్‌డ్రైవ్ పోయిందనుకుంటాం.

తెలుగు వాళ్లకి ప్రత్యేకంగా తగిలే అడ్డంకి ఒకటుంది, దీని గురించి రాసినవాళ్లు తక్కువ. ఆండ్రాయిడ్ లోపలి మెమరీ ఈఎక్స్‌టీ4 లేదా ఎఫ్‌2ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది. వాటిలో ఫైల్ పేరు 255 బైట్లు మించకూడదు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ, ఎక్స్‌ఫ్యాట్‌లోనూ పరిమితి 255 బైట్లు కాదు, 255 యూనికోడ్ సంకేతాలు (అక్షరాలకి, గుర్తులకి కంప్యూటర్ వాడే సంఖ్యలు). ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు కాబట్టి ఆ భాష వాడేవాళ్లకి తేడా తెలియదు. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు, ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడి సంకేతాలు. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరం. లోపల శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు, అంటే 12 బైట్లు. ‘ఆంధ్రప్రదేశ్’ 36 బైట్లు. మొత్తం మీద 85 తెలుగు సంకేతాలు దాటితే ఫోన్‌లో ఆ పేరు పట్టదు. కంప్యూటర్‌లో హాయిగా ఉన్న ఉపన్యాసం ఆడియో, పొడుగాటి శీర్షికతో దాచుకున్న పాత పత్రిక పీడీఎఫ్ ఫోన్‌లోకి కాపీ చేస్తే ఎర్రర్ రావడానికి, లేదా వంద ఫైళ్లలో సరిగ్గా ఆ నాలుగే రాకపోవడానికి ఇదే కారణం. పేరు పొట్టి చేయండి, వివరం ఫోల్డర్ పేరుకి మార్చండి. పేరులో ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు, నిలువు గీత ఉన్నా పెన్‌డ్రైవ్ ఒప్పుకోదు.

ఫోల్డర్ల తలుపులు ఎందుకు మూశారు

ఇప్పటిదాకా చెప్పినవి వైరుకీ, ఫార్మాట్‌కీ సంబంధించినవి. ఎక్కువ కోపం తెప్పించేది మాత్రం ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో ఉండే డేటా (యాప్‌లు తమ ఫైళ్లు దాచుకునేది), ఓబీబీ (గేమ్‌ల పెద్ద ఫైళ్లు ఉండేది) ఫోల్డర్లు తెరుచుకోకపోవడం.

ఆండ్రాయిడ్ 9 దాకా ‘స్టోరేజ్ పర్మిషన్’ అంటే అన్నీనూ. ఒక టార్చ్ యాప్‌కి ఆ అనుమతి ఇస్తే మీ ఫొటోలు, డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఆధార్ పీడీఎఫ్, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు అన్నీ అది చదవగలదు, చెరపగలదు కూడా. 2019లో ఆండ్రాయిడ్ 10తో స్కోప్డ్ స్టోరేజ్ వచ్చింది. ఆ ఏడాది యాప్‌లకి వెసులుబాటు ఇచ్చారు, 2020లో ఆండ్రాయిడ్ 11 నుంచి కచ్చితం చేశారు. ప్రతి యాప్ తన ఫోల్డర్‌నే చూస్తుంది, పక్క యాప్ ఫోల్డర్ చూడలేదు. ఫైల్ మేనేజర్లకి ‘ఆల్ ఫైల్స్ యాక్సెస్’ అని ప్రత్యేక అనుమతి పెట్టారు, అది అడిగే యాప్ తనకెందుకో ప్లే స్టోర్‌కి వివరించాలి. ఆ అనుమతి ఉన్నా డేటా, ఓబీబీ ఫోల్డర్లు మాత్రం మూసే ఉంటాయి. ఫోల్డర్ ఎంచుకోమని ఆండ్రాయిడ్ చూపే తెర (ఫోల్డర్ పికర్) ద్వారా దొడ్డిదారిన వెళ్లే కిటుకులు కొన్నాళ్లు నడిచాయి, ఆండ్రాయిడ్ 13లో వాటినీ మూసేశారు. 14 నుంచి గ్యాలరీ మొత్తం ఇవ్వకుండా ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇవ్వొచ్చు. ఈ వరుస అంతా మన మంచికే అని నా అభిప్రాయం. నాలుగు గేమ్ ఫైళ్లు మార్చలేకపోవడం కన్నా ఆధార్ కాపీ ఎవరికి చేరిందో తెలియకపోవడం పెద్ద నష్టం.

వాట్సాప్ ఫొటోల సంగతి ఇందులోనే తేలుతుంది. అంతకుముందు అవి మెమరీలో పైనే, వాట్సాప్ అన్న ఫోల్డర్‌లో ఉండేవి. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, మీడియాలో, కామ్ డాట్ వాట్సాప్ అన్న ఫోల్డర్ లోపల చూడాలి. డేటా కాదు, మీడియా. ఇది ఫైల్ మేనేజర్‌కీ తెరుచుకుంటుంది, కేబుల్‌తో కంప్యూటర్‌లోనూ కనపడుతుంది. పాత ఫోల్డర్ ఖాళీగా ఉందని చెరిపేసే ముందు రెండూ చూడండి, కొన్ని ఫోన్లలో పాత ఏళ్ల ఫొటోలు అక్కడే మిగిలి ఉంటాయి.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. డేటా ఫోల్డర్‌లో యాప్ దాచుకున్నవన్నీ ఆ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయగానే పోతాయి. వీడియో ఎడిటింగ్ ప్రాజెక్టులు, కాల్ రికార్డింగులు, నోట్స్ యాప్‌లో రాసుకున్నవి, స్కానర్ యాప్‌లో దాచిన పొలం కాగితాలు ఇలా పోయినవాళ్లున్నారు. ‘యాప్ సతాయిస్తోంది, తీసేసి మళ్లీ వేద్దాం’ అనుకునే ముందు ఆ యాప్ లోపల ఎక్స్‌పోర్ట్ లేదా బ్యాకప్ నొక్కి, వచ్చిన ఫైల్‌ని డౌన్‌లోడ్స్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో పెట్టండి. డేటా ఫోల్డర్ తప్పనిసరిగా చూడాలంటే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి, చాలా ఫోన్లలో అక్కడినుంచి కనపడుతుంది. ఇందుకోసం ఫోన్ రూట్ చేయమని, అంటే ఆండ్రాయిడ్ అడ్డుగోడలు తీసేసి పూర్తి అధికారం తీసుకోమని, ఎవరైనా చెప్తే వినొద్దు. అందుకు ముందు బూట్‌లోడర్ (ఫోన్‌ని స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి, ఆ క్షణంలోనే ఫోన్ మొత్తం చెరిగిపోతుంది, అంటే ఏ ఫైల్ కోసం ఆ పని మొదలుపెట్టారో అది ముందే పోతుంది.

బ్లూటూత్, ఏపీకే

ఆండ్రాయిడ్ మూల కోడ్‌లోనే బ్లూటూత్ ద్వారా తీసుకోదగిన ఫైల్ రకాల పట్టిక ఉంది. బొమ్మలు, వీడియోలు, ఆడియో, కాంటాక్ట్ కార్డులు, టెక్స్ట్, పీడీఎఫ్, జిప్, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్. అందులో ఏపీకే లేదు. అందుకే అవతలి ఫోన్ దాన్ని తిరగ్గొడుతుంది. జీమెయిల్ కూడా ఏపీకేని అటాచ్‌మెంట్‌గా ఒప్పుకోదు, జిప్‌లో చుట్టినా పట్టేస్తుంది.

ఈ జాగ్రత్త ఎందుకో మన దగ్గర వివరించనక్కర్లేదు. పెళ్లి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు ఖాతాలు ఊడ్చేస్తున్నాయి. శుభలేఖ అంటే బొమ్మ, పీడీఎఫ్ లేదా వీడియో. ఏపీకే అయితే అది యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఇస్తే ఓటీపీలు వాళ్లకి వెళ్తాయి. ఆండ్రాయిడ్ 8 నుంచి ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనుమతి ఒక్కో యాప్‌కి విడిగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికి, వాట్సాప్, టెలిగ్రామ్, బ్రౌజర్లు అన్నిటికీ ఆఫ్‌లో ఉన్నాయో లేదో అమ్మానాన్నల ఫోన్లలో ఒకసారి చూసి పెట్టండి. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేకి యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీదున్నది చదివి, మీ బదులు నొక్కగలిగే అధికారం) ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని అడ్డుపడుతుంది. దాన్ని ఎలా దాటాలో ఫోన్లో ఎవరైనా మెట్టు మెట్టుగా చెప్తున్నారంటే వాళ్లు దొంగలే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

బ్లూటూత్ పెద్ద ఫైళ్లకి పనికిరాదని కూడా గుర్తుపెట్టుకోండి. నిజంగా అందే వేగం సెకనుకు 2 మెగాబిట్ల దగ్గరే. 5 ఎంబీ ఫొటోకి 20 సెకన్లు, 1 జీబీకి గంట పైనే. ఐఫోన్ అయితే ఇతర ఫోన్లతో బ్లూటూత్‌లో ఫైళ్లు అసలు ఇచ్చిపుచ్చుకోదు.

వైఫై దారులు

2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షేర్‌ఇట్, జెండర్, ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మూడూ ఉన్నాయి. అంతవరకూ మన ఊళ్లలో సినిమా చేతులు మారాలంటే అవే. ఆ ఏడాది ఆగస్టులోనే గూగుల్ నియర్‌బై షేర్ మొదలుపెట్టింది, 2024 జనవరిలో దాన్ని శాంసంగ్ క్విక్ షేర్‌తో కలిపి ఒకటి చేశారు. ఇప్పుడు ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి ఇంకో యాప్ అవసరం లేదు. రెండు ఫోన్లలో బ్లూటూత్, వైఫై, లొకేషన్ ఆన్ చేసి, తీసుకునేవారు క్విక్ షేర్‌లో ‘ఎవ్రీవన్’ పది నిమిషాలకి పెట్టాలి. మొదట బ్లూటూత్‌లో మొదలై తర్వాత వైఫైకి మారుతుంది. ఎంతకీ వేగం పుంజుకోకపోతే హాట్‌స్పాట్, వీపీఎన్ ఆపి మళ్లీ పంపండి.

ఫైల్ పంపడానికి లొకేషన్ ఎందుకని చాలామంది అనుమానపడతారు, సరైన అనుమానమే. చుట్టూ ఉన్న వైఫై రూటర్ల గుర్తింపులు తెలిస్తే మీరెక్కడున్నారో కనిపెట్టొచ్చు. అందుకే వైఫై వెతికే యాప్ లొకేషన్ తెలుసుకునే యాప్‌తో సమానమని ఆండ్రాయిడ్ లెక్క వేసింది. ఆండ్రాయిడ్ 13 నుంచి వైఫైని కూడా ‘నియర్‌బై డివైసెస్’ అనే వేరే అనుమతి కిందికి తెచ్చి ఈ ముడి కొంత విప్పారు.

ఐఫోన్ల మధ్య ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్‌లో ‘ఎవ్రీవన్’ పది నిమిషాలకే ఉండటం 2022 నవంబరులో చైనాలో మొదలైంది, డిసెంబరులో ఐఓఎస్ 16.2తో అందరికీ వచ్చింది. రద్దీలో తెలియనివాళ్లు అడగని బొమ్మలు పంపడం దీనితో తగ్గుతుంది. 2025 నవంబరులో గూగుల్ పిక్సెల్ 10 ఫోన్ల క్విక్ షేర్‌ని ఎయిర్‌డ్రాప్‌తో మాట్లాడేలా చేసింది, అక్కడా ఐఫోన్‌ని ఇదే పది నిమిషాల స్థితిలో పెట్టాలి.

మిగతా ఆండ్రాయిడ్, ఐఫోన్ జంటలకి, కంప్యూటర్‌తో కలిపి కూడా, నేను చెప్పేది లోకల్‌సెండ్ యాప్. ఉచితం, కోడ్ బహిరంగం, ఖాతా అక్కర్లేదు. రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనపడకపోతే అది హాస్టల్, హోటల్ లేదా ఆఫీస్ గెస్ట్ వైఫై అయి ఉంటుంది. అక్కడ ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా రూటర్‌లోనే అడ్డుగోడ కడతారు, అపరిచితులు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు అది ఉండాల్సిందే. మీరు ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి రెండోదాన్ని దానికి కలపండి. ఫైల్ నేరుగా వెళ్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. విండోస్‌లో కనపడకపోతే ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కి మార్చి, ఫైర్‌వాల్‌లో లోకల్‌సెండ్‌కి అనుమతి ఇవ్వండి. ఫైర్‌వాల్ పోర్టు నంబరు అడిగితే 53317.

యాప్ చేసినవాళ్లు, ఆఫీసు వాళ్లు

వాట్సాప్‌లో ఫొటోని ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే యథాతథంగా వెళ్తుంది. 2022 నుంచి డాక్యుమెంట్ పరిమితి 2 జీబీ, అంతకుముందు 100 ఎంబీ. ఫార్వర్డ్‌ని ఒకేసారి ఐదు చాట్లకే పరిమితం చేయడం 2018 జులైలో మన దేశంతోనే మొదలైంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లతో మనుషుల్ని కొట్టి చంపిన నెలలవి. ఆ పరిమితిని దాటడానికి మోడిఫైడ్ వాట్సాప్‌లు వాడొద్దు, ఖాతా నిషేధంలో పడుతుంది.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారేవాళ్లు గూగుల్ డ్రైవ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఉందని ధైర్యంగా ఉంటారు. ఐఫోన్ దాన్ని చదవలేదు. ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌తోనే, కొత్త ఐఫోన్ మొదటి సెటప్‌లోనే చాట్లు తేవాలి. సెటప్ అయిపోతే ఐఫోన్‌ని రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. పాత ఫోన్‌ని అమ్మేముందు ఇది తేల్చుకోండి.

బ్యాంకు, యూపీఐ యాప్‌లు కొత్త ఫోన్‌కి లాగిన్‌తో సహా రావు. యూపీఐలో మీ నంబరు, సిమ్, ఫోన్ మూడూ కలిపి ముడివేస్తారు, కొత్త ఫోన్‌లో సిమ్ వేసి, దానినుంచి ఎస్ఎంఎస్ వెళ్లనిచ్చి మళ్లీ నమోదు కావాలి. ఓటీటీ యాప్‌లో దించుకున్న సినిమా ఫైల్‌ని వెతికి పట్టుకున్నా లాభం లేదు, అది తాళం వేసిన ఫైల్, తాళంచెవి ఆ ఫోన్‌కే ఇస్తారు.

ఆఖరిది ఆఫీసు ఫోన్. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో పనిచేసేవాళ్ల ఫోన్లలో బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్‌లు ఉంటాయి, అదే వర్క్ ప్రొఫైల్, అంటే ఫోన్‌లో కంపెనీ చేతిలో ఉండే విడి భాగం. అందులోని ఫైల్‌ని బ్లూటూత్‌లో పంపడం ఆండ్రాయిడ్ 8 నుంచి, కంపెనీ ఏమీ మార్చకపోయినా, ఆపే ఉంటుంది. కంపెనీ కావాలనుకుంటే కాపీ-పేస్ట్, స్క్రీన్‌షాట్ కూడా ఆపగలదు. కంపెనీయే ఇచ్చిన ఫోన్ అయితే యూఎస్‌బీ ఫైల్ ట్రాన్స్‌ఫర్‌నే పూర్తిగా ఆపగలదు, అప్పుడు నోటిఫికేషన్‌లో ఆ ఎంపికే బూడిద రంగులో ఉంటుంది. ఖాతాదారుల డేటా బయటికి పోతే జవాబు చెప్పాల్సింది కంపెనీ కాబట్టి అది వాళ్ల హక్కు. దాన్ని దాటే ప్రయత్నం లాగ్‌లో పడుతుంది, ఐటీ విభాగానికి టికెట్ పెట్టి అడగండి. ఉద్యోగం మానేటప్పుడు వర్క్ ప్రొఫైల్‌ని తీసేస్తే అందులోవన్నీ పోతాయి, సొంత వైపు ఫొటోలు అలాగే ఉంటాయి. కంపెనీ ఇచ్చిన ఫోన్ అయితే మొత్తం చెరిపేస్తారు. అందులో ఇంటి ఫొటోలు, పిల్లల వీడియోలు ఉంటే రాజీనామా పెట్టకముందే కంపెనీ నియమాలు అనుమతించే దారిలో సొంత ఖాతాకి పంపుకోండి. నోటీసు పీరియడ్‌లో ఆ దారులు కూడా మూసేసే కంపెనీలున్నాయి.